వ్యాపారుల మీటింగ్ మ్యూజియంలో ఎందుకు?

(తెర మీద: గ్యాలరీ గోడలు, వాటి ముందు గుంపులు గుంపులుగా మనుషులు)

ఒక ఎల్‌జీబీటీ (స్వలింగ ప్రేమికులైన గేలు, లెస్బియన్లు, ఇంకా బైసెక్సువల్స్, ట్రాన్స్‌జెండర్లు) వ్యాపారుల సంఘం ఈసారి కలిసేది డిజైన్ మ్యూజియంలో. సాయంత్రం జనం తగ్గాక ఎగ్జిబిషన్ చూడటం, డ్రింక్ తాగుతూ నలుగురితో మాట్లాడటం, అంతే ప్రోగ్రాం. హోటల్ హాలు దొరకక కాదు, కావాలనే మ్యూజియం పెట్టుకున్నారు.

హాల్లో జరిగే నెట్‌వర్కింగ్ ఎలా ఉంటుందో మీకు తెలుసు. "మీరేం చేస్తుంటారు?" అని అడిగి, కార్డు చేతిలో పెట్టి, ఇంకొకరి వైపు చూడటం. మొహమాటస్తులైతే ఫోన్ చూసుకుంటూ మూల నిలబడతారు. అదే ఒక కుర్చీ ముందో పోస్టర్ ముందో ఇద్దరు కొత్తవాళ్లను నిలబెట్టండి. ఒకరు బాగుందంటారు, ఇంకొకరు దీన్ని డబ్బిచ్చి ఎవరు కొంటారంటారు. పరిచయం అక్కడే అయిపోయింది. నన్నడిగితే, ఒప్పుకోవడం కన్నా ఇలా వాదించుకోవడమే మంచి పరిచయం.

(తెర మీద: ఎనిమిది రంగుల జెండా బొమ్మ)

మాటలు కలపడానికి ఎల్‌జీబీటీ సముదాయానికి గుర్తయిన ఇంద్రధనుస్సు జెండాను మించిన డిజైన్ ఇంకోటి లేదు. 1978 జూన్‌లో అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగిన గే పరేడ్ కోసం ఆర్టిస్ట్ గిల్బర్ట్ బేకర్, ఆయనతో పాటు వలంటీర్లు గుడ్డకు చేత్తో రంగులద్ది దీన్ని తయారు చేశారు. అప్పుడు ఎనిమిది చారలు. అదే ఏడాది నవంబర్‌లో హార్వీ మిల్క్ హత్య జరిగింది. ఆయన తాను గే అని దాచకుండా ఆ నగరంలో ఎన్నికల్లో గెలిచిన నాయకుడు. ఆ తర్వాత జెండాకు డిమాండ్ పెరిగింది. కానీ ముదురు గులాబీ గుడ్డ కావలసినంత దొరకలేదు, ఆ చార పోయింది. మిగిలినవి ఏడు. 1979లో వీధి స్తంభాలకు రెండు పక్కలా సమానంగా వేలాడదీయాలంటే ఏడు కుదరదు కదా, నీలి ఆకుపచ్చ చార కూడా తీసేశారు. ఇప్పుడు మనం చూసే ఆరు రంగుల వెనక ఉన్నది సరుకు కొరత, తగిలించడంలో ఇబ్బంది. గార్మెంట్స్ వ్యాపారం చేసేవాళ్లకు ఈ కథ చెప్పి చూడండి, వెంటనే తమ సప్లయర్ గొడవలు మొదలుపెడతారు.

ఇంకో సంగతి. బేకర్ ఈ డిజైన్ మీద ట్రేడ్‌మార్క్ తీసుకోలేదు, ఎవరైనా వాడుకోమన్నారు. న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం మోమా 2015లో దీన్ని తన డిజైన్ సేకరణలో చేర్చుకుంది. డబ్బు రాని ఇంత పెద్ద డిజైన్ గురించి వ్యాపారులు ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు!

(తెర మీద: 1974 అంకె)

అసలు వీళ్లకు వేరే సంఘం ఎందుకని అడిగేవాళ్లుంటారు. 1974లో శాన్ ఫ్రాన్సిస్కోలో గోల్డెన్ గేట్ బిజినెస్ అసోసియేషన్ అనే గే వ్యాపారుల సంఘం మొదలైంది. అప్పట్లో గే అని తెలిస్తే కస్టమర్లు పోవచ్చు, ఉద్యోగమూ ఊడొచ్చు. ఆ కారణంతో ఉద్యోగంలోంచి తీసేయడం చట్టవిరుద్ధమని అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది ఎప్పుడో తెలుసా? 2020లో.

మరి వ్యాపారం మాటేమిటంటే, అదీ ఉంది. అమెరికాలో 2002లో పుట్టిన జాతీయ ఎల్‌జీబీటీ ఛాంబర్ ఆఫ్ కామర్స్, అంటే ఈ వ్యాపారుల జాతీయ సంఘం, కంపెనీలకు సర్టిఫికెట్ ఇస్తుంది. కంపెనీలో కనీసం 51 శాతం వాటా ఈ సముదాయం వాళ్లదే అయి ఉండాలి, నడిపేదీ వాళ్లే కావాలి. రకరకాల సముదాయాల నుంచి సరుకు కొనాలనుకునే పెద్ద కంపెనీలు ఈ సర్టిఫికెట్ చూస్తాయి. కాబట్టి పోస్టర్ ముందు మీ పక్కన నిలబడ్డ మనిషి ఏదో కంపెనీలో కొనుగోళ్లు చూసేవాళ్లే కావచ్చు. అలాగని మొదటి నిమిషంలోనే రేట్లు చెప్పకండి.

(తెర మీద: కెమెరా గుర్తు)

మీరే ఇలాంటి సాయంత్రం ఏర్పాటు చేస్తుంటే, తినేవి తాగేవి ఎక్కడిదాకా తీసుకెళ్లొచ్చో మ్యూజియం వాళ్లను ముందే అడగండి. ఫొటోల విషయం మాత్రం ఇంకా గట్టిగా పట్టించుకోండి. వచ్చినవాళ్లందరూ ఆఫీసులో, ఇంట్లో తమ గురించి చెప్పుకొని ఉండరు. ఫొటో వద్దనుకునేవాళ్లకు బ్యాడ్జి మీద వేరే రంగు చుక్క పెట్టండి, తలుపు దగ్గరే ఆ మాట చెప్పండి. గ్రూప్ ఫొటో పోస్ట్ చేసే ముందు అందులో ఉన్న ప్రతి ఒక్కరినీ అడగండి. ఒక్కరు వద్దన్నా ఆ ఫొటో పెట్టకండి.