అక్కకు వచ్చిన జబ్బు నాకూ వస్తుందా?

వ్యాఖ్యాత: మిర్యాలగూడ నుంచి ఒక సోదరి లైన్‌లో ఉన్నారు. అడగండమ్మా.

శ్రోత: నమస్తే డాక్టరమ్మా. మా అమ్మ 42 ఏళ్లకే రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయింది. ఇప్పుడు 38 ఏళ్ల మా అక్కకూ అదే జబ్బు వచ్చింది. బీఆర్‌సీఏ-1 అనే జన్యువులో లోపం ఉందని రిపోర్టులో రాశారు. జన్యువు ఒంట్లోని ప్రతి కణంలోనూ ఉంటుందంటారు కదా, మరి జబ్బు రొమ్ముకే ఎందుకు వస్తున్నది?

డాక్టర్: ఒక్క రొమ్ముకే కాదమ్మా, అండాశయాలకూ ముప్పు ఉంటుంది, అది మరవకండి. 1994లో గుర్తించిన ఈ జన్యువు ముఖ్యమైన పని, తెగిన డీఎన్ఏ పోగులను తప్పు లేకుండా అతకడం. రొమ్ములో దానికి ఇంకో పని కూడా ఉంది. పాల నాళాల లోపలి పొరలో, ఇంకా ఏ పనికీ కుదురుకోని లేత కణాలు కొన్ని ఉంటాయి. అవి క్రమంగా పాలు ఊరే కణాలుగానో, ఈస్ట్రోజెన్ హార్మోన్‌ను అందుకునే కణాలుగానో ముదరాలి. మీ సాగర్ ఎడమ కాలువ కింద, నారును అదనుకు పీకి నాటితేనే కదా అది పిలకలు వేసి ఈనేది! బీఆర్‌సీఏ-1 సరిగా పనిచేయకపోతే ఇక్కడ ఆ నాటు సాగదు. మడిలో మిగిలిన నారు ముదిరిపోతుంది, ఈ కణాలు మాత్రం లేతగానే ఉండి విభజన చెందుతుంటాయి. పైగా డీఎన్ఏ తెగినా అతికే దిక్కు ఉండదు. 2009లో మెల్‌బోర్న్ శాస్త్రవేత్తలు ఈ లోపం ఉండి కూడా క్యాన్సర్ రాని స్త్రీల రొమ్ము కణజాలాన్ని పరిశీలించినప్పుడు, అందులోనే ఇటువంటి లేత కణాలు మామూలు కన్నా ఎక్కువగా కనిపించాయి. ఈ లోపంతో వచ్చే గడ్డలు ఎక్కువగా హార్మోన్ మందులకు లొంగని ట్రిపుల్ నెగటివ్ రకానివి కావడానికి ఇదొక కారణం. ఇటువంటిదే మరో జన్యువు బీఆర్‌సీఏ-2 తీరు వేరు, దాని లోపంతో వచ్చే గడ్డల్లో చాలావరకు హార్మోన్‌కు స్పందిస్తాయి.

శ్రోత: అయితే నాకూ తప్పదంటారా?

డాక్టర్: అలా అనుకోకండి తల్లీ. మీకు ఆ లోపం వచ్చి ఉండే అవకాశం సగానికి సగం. అక్క రిపోర్టులో రాసిన ఆ ఒక్క మార్పు మీ రక్తంలో ఉందో లేదో చూస్తే చాలు; హైదరాబాద్ నిమ్స్‌లో వైద్య జన్యుశాస్త్ర విభాగం ఉంది, ముందు అక్కడ మాట్లాడండి. లేదని తేలితే మీ ముప్పు దాదాపు మిగతా స్త్రీలకు ఉన్నంతే. ఉంటే, అటువంటివారిలో 80 ఏళ్లలోపు నూటికి 70 మంది వరకు రొమ్ము క్యాన్సర్ వస్తుంది కనుక, ఏటేటా ఎంఆర్‌ఐ తీయించుకుంటూ జబ్బును మొదట్లోనే పట్టుకోవచ్చు.

శ్రోత: మా అన్నకు పరీక్ష అవసరం లేదు కదా?

డాక్టర్: ఉందమ్మా. ఆయనకూ అంతే అవకాశం, ఆయన నుంచి ఆయన ఆడపిల్లలకూ అది రావచ్చు. అక్క రిపోర్టు నకలు ఒకటి ఆయనకూ ఇవ్వండి.