జీడిపండులో, రక్తంలో విటమిన్ సి కొలవడం: లెక్క ఎక్కడ తప్పుతుంది

[దృశ్యం: పలాస దగ్గర జీడితోట. చెట్టు కింద రాలిన పసుపు పళ్ళు.]

ఉద్దానం తోటల్లో పిక్క తీసుకుని పండు వదిలేస్తారు. ఆ పండులో విటమిన్ సి నారింజలో కంటే కొన్ని రెట్లు ఎక్కువ. అయితే మే నెల ఎండలో ఉదయం కోసిన ముక్కని మధ్యాహ్నం కొలిస్తే ఆ అంకె దేనికీ పనికిరాదు.

[స్క్రీన్: మూడు పేర్లు, మధ్యలో బాణాలు. మొదటి బాణం రెండు వైపులా, రెండోది ఒకే వైపు.]

విటమిన్ సి అంటే ఆస్కార్బిక్ ఆమ్లం. గాలి తగిలితే డీహైడ్రో ఆస్కార్బిక్ ఆమ్లం అవుతుంది. అక్కడిదాకా వెనక్కి తేవచ్చు. దాని వలయం తెగి డైకీటోగ్యులోనిక్ ఆమ్లం అయిందంటే ఇక తిరిగిరాదు. ఒంటి వేడి దగ్గర, ఆమ్లం లేనిచోట ఆ రెండో మెట్టుకి నిమిషాలు చాలు.

[దృశ్యం: తరాజు మీద బీకరు.]

అందుకే బీకరులో ముందు 4 శాతం ఆక్సాలిక్ ఆమ్లం పోసి, తరాజుని సున్నా చేసి, తర్వాతే 5 గ్రాముల గుజ్జు వేయండి. ఇనప కత్తి, రాగి పాత్ర వద్దు. ఆ లోహాలు ఆక్సీకరణని తొందర పెడతాయి. గుజ్జు నూరి, అదే ఆమ్లంతో 100 మిల్లీలీటర్లకి తెచ్చి, సెంట్రిఫ్యూజ్ యంత్రంలో గిర్రున తిప్పి పైన తేరిన తేట తీసుకోండి. ఆక్సాలిక్ ఆమ్లం విషం, పిపెట్‌ని నోటితో పీల్చకండి.

విటమిన్ సి తగిలితే రంగు పోయే ద్రావణం ఒకటి కావాలి, అదే డై. దానికి 42 మిల్లీగ్రాముల సోడియం బైకార్బొనేట్, 52 మిల్లీగ్రాముల డైక్లోరోఫినాల్ ఇండోఫినాల్ కరిగించి 200 మిల్లీలీటర్లు చేయాలి. ఇది నీలం. ఆమ్లంలో పడితే గులాబీ, విటమిన్ సి తగిలితే రంగే ఉండదు.

[క్లోజప్: ఫ్లాస్క్ కింద తెల్ల కాగితం.]

5 మిల్లీలీటర్ల తేట, 10 మిల్లీలీటర్ల ఆక్సాలిక్ ఆమ్లం ఫ్లాస్క్‌లో, డై బ్యూరెట్‌లో. చుక్క పడ్డచోట గులాబీ మెరిసి మాయమవుతుంది. లేత గులాబీ 15 సెకన్లు నిలిస్తే ఆపేయండి. అంతకు మించి కాచుకుంటే ఇతర పదార్థాలు కూడా నెమ్మదిగా డైని తినేస్తాయి. ఎర్రపండు రసంలో ఈ గులాబీ కనబడదు, పసుపుదే తీసుకోండి.

బలం ముందే తెలిసిన ద్రావణం, అంటే 0.5 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉన్న స్టాండర్డ్‌కి 3.5 మిల్లీలీటర్ల డై పట్టి, పండుకి 3.85 పట్టిందనుకుందాం. అంటే ఆ 5 మిల్లీలీటర్లలో 0.55 మిల్లీగ్రాములు, మొత్తం 100లో 11. అది 5 గ్రాముల గుజ్జుది, కాబట్టి వంద గ్రాముల పండులో 220. డై నిల్వ ఉంటే బలం తగ్గుతుంది కాబట్టి స్టాండర్డ్‌ని ఏ రోజుకారోజు ఇలా చుక్కచుక్కగా కొలవడం (టైట్రేట్ చేయడం) తప్పదు.

డీహైడ్రో రూపం ఈ డైకి కనబడదు. రక్తానికి ఈ పద్ధతి సరిపోదు.

[దృశ్యం: ఆకుపచ్చ మూత హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు) ట్యూబు, ఐస్ గిన్నెలో.]

పరగడుపు రక్తం తీసి, వెలుతురు తగలకుండా ఐస్‌లో పెట్టి, చల్లని సెంట్రిఫ్యూజ్‌లో ప్లాస్మా (కణాలు తీసేశాక మిగిలే ద్రవం) వేరు చేయండి. వెంటనే అంతే కొలత 10 శాతం మెటాఫాస్ఫారిక్ ఆమ్లం కలపండి. ప్రొటీన్లు తెల్లగా విరిగి అడుగున చేరతాయి, లోహాలు కట్టుబడతాయి. ఈ ఆమ్లం నిల్వలో మామూలు ఫాస్ఫారిక్ ఆమ్లంగా మారిపోతుంది, తాజాగా చేసుకోండి. ప్లాస్మా ఎర్రగా వచ్చిందా, పారేసి మళ్ళీ రక్తం తీయండి. పగిలిన కణాల్లోని ఇనుము విటమిన్‌ని ఉండనివ్వదు.

శ్రీకాకుళంలో తీసి విశాఖకి పంపేటట్టయితే ఆమ్లం ఇక్కడే కలిపి, డ్రై ఐస్ మీద పంపండి. నిల్వకి మైనస్ 80 డిగ్రీలు కావాలి, మైనస్ 20ని నమ్మొద్దు.

ద్రవంలోని పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రంలో 245 నానోమీటర్ల కాంతి దగ్గర చూస్తారు. యూరిక్ ఆమ్లం శిఖరం పక్కనే వస్తుంది, రెండూ విడిగా నిలబడ్డాయో లేదో ముందు చూసుకోండి. తర్వాత అదే నమూనాలో పక్కన పెట్టిన రెండో భాగానికి టీసీఈపీ అనే రసాయనం కలిపితే డీహైడ్రో రూపం తిరిగి ఆస్కార్బిక్ ఆమ్లం అవుతుంది. పెరిగినంత మేరా డీహైడ్రోదే. ఆరోగ్యవంతుల ప్లాస్మాలో అది చాలా కొద్దిగా ఉంటుంది. ఎక్కువొస్తే ట్యూబు బల్ల మీద ఎంతసేపు ఉందో కనుక్కోండి.

[స్క్రీన్: 10 × 2 = 20]

ఆమ్లం సగానికి సగం కలిపాం, కాబట్టి ఫలితాన్ని రెండుతో గుణించాలి. లీటరుకి 11 మైక్రోమోల్స్ కంటే తగ్గితే స్కర్వీ (విటమిన్ సి లోపంతో వచ్చే జబ్బు) స్థాయి లోపం. గుణించడం మర్చిపోతే 20 ఉన్న మనిషికి 10 అని రిపోర్టు వెళ్ళిపోతుంది.