హోర్డింగ్ మీద స్త్రీ శక్తి, కౌంటర్ వెనక నిలువుకాళ్ళ కొలువు

(దృశ్యం: హనుమకొండ చౌరస్తా, సాయంత్రం. బట్టల షోరూంల లైట్లు.)

నమస్తే. మార్చి 8 వస్తుందంటే మన ఓరుగల్లులో హోర్డింగులు మారిపోతాయి. పైన 'స్త్రీ శక్తికి వందనం', కింద చీరల మీద డిస్కౌంట్. వందనం మంచిదే. మరి ఆ షాపులో పనిచేసే ఆడవాళ్ళ సంగతేంటి?

(దృశ్యం: చీర మడత విప్పుతున్న చేతులు. ముఖం కనిపించదు.)

మా చెల్లె రెండేళ్ళు అట్లాంటి ఒక షోరూంలో సేల్స్‌లో చేసింది. పొద్దున పదింటికి నిలబడితే రాత్రి తొమ్మిదిన్నర. గిరాకీ లేకపోయినా కూర్చోవద్దు. ర్యాకుకి నడుం ఆనించి, ఒక కాలు తర్వాత ఒక కాలు ఎత్తి పెట్టుకునేది. బాత్రూంకి పోవాలంటే ఫ్లోర్ ఇన్‌చార్జిని అడగాలి. ఆ మొహమాటానికి మధ్యాహ్నం దాకా నీళ్ళే తాగేది కాదు. ఇంటికొచ్చి పట్టీలు తీస్తే, వాచిన కాళ్ళ మీద వాటి అచ్చు దిగి ఉండేది. మహిళా దినోత్సవం నాడు చేతికి గులాబీ ఇచ్చి ఫొటో తీశారు. జీతం సంగతెత్తితే 'చూద్దాం' అన్నారు.

(దృశ్యం: ఎద్దుకు ఎదురుగా నిలబడ్డ చిన్నపిల్ల బొమ్మ, గీసినది.)

పెద్ద కంపెనీల్లోనూ ఇదే కథ. 2017 మార్చిలో స్టేట్ స్ట్రీట్ అనే ఆర్థిక సంస్థ న్యూయార్క్‌లో ఎద్దు విగ్రహానికి ఎదురుగా, ఆడవాళ్ళ నాయకత్వానికి గుర్తుగా, ఓ ధైర్యవంతురాలైన పిల్ల కంచు విగ్రహం పెట్టించింది. ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. అదే ఏడాది అక్టోబరులో, పై హోదాల్లోని ఆడవాళ్ళకు మగవాళ్ళకన్నా తక్కువ జీతం ఇచ్చిందన్న ఆరోపణ మీద 50 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. తప్పు చేశామని మాత్రం ఒప్పుకోలేదు.

అడిగితే మారుతుందా? మారుతుంది. కేరళలో కోళికోడ్ బట్టల షాపుల ఆడవాళ్ళు పి. విజి అనే కార్మిక నాయకురాలి వెంట నడిచి ఏళ్ళ తరబడి కొట్లాడారు. 2018లో అక్కడ కూర్చునే హక్కు చట్టంలోకి వచ్చింది. 2021లో తమిళనాడు కూడా చేసింది. కుర్చీ కోసం చట్టం తెచ్చుకోవాల్సి రావడం నాకైతే కడుపు మండే విషయం.

(స్క్రీన్ మీద: 10 మంది)

మనం దేని గురించి అడగాలి? పదిమంది, అంతకన్నా ఎక్కువ పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలి. ఇది 2013 చట్టం. కమిటీ వివరాలు అందరికీ కనిపించేటట్టు గోడకు పెట్టాలి. కమిటీ వేయకపోతే 50 వేల దాకా జరిమానా. పదిమంది లేని చిన్న షాపైతే జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఇక పదిమంది, అంతకన్నా ఎక్కువ పనిచేసే చోట ప్రసూతి సెలవు: మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు, జీతంతో. కుర్చీ ఉందా, బాత్రూం ఉందా అన్నది మన కళ్ళకే కనిపిస్తుంది.

ఒక్క జాగ్రత్త. ఇవన్నీ చీర చూపిస్తున్న అక్కను అడగొద్దు. బిల్లు కట్టేటప్పుడు మేనేజరును అడగండి, కంపెనీ పేజీలో రాయండి. ఫొటో తియ్యాలనుకుంటే హోర్డింగ్‌ది తియ్యండి, ఆ నోటీసు లేని గోడది తియ్యండి. ఆమె ముఖం మాత్రం రానియ్యొద్దు. రేపు పొద్దున పదింటికి ఆమె మళ్ళీ అక్కడే నిలబడాలి.