క్రోషె అల్లే మెషిన్ యాడుందో చూపించండప్పా!

నమస్తే అన్నా, అక్కా! పోయిన వీడియోలో నర్సాపురం అక్కలు క్రోషెతో అల్లిన లేసు టేబుల్ గుడ్డ చూపించినా కదా, కింద కామెంట్లలో ఒకటే గోల. "మన గాంధీరోడ్డులో మీటరు పది రూపాయలకు లేసు దొరకతా ఉంటే, దీనికి ఇంత రేటా? మెషిన్లో పెడితే గంటలో అయిపోతుంది" అంట!

ఏ మెషినప్పా? మీరు అంగట్లో కొనేది నిజమైన క్రోషె అయితే, అది మనిషి చేత్తో అల్లిందే. కొక్కెం సూది ఒకటి, దారం ఒకటి. దారంతో ఒక ఉచ్చు వేసి, దాంట్లోంచి ఇంకో ఉచ్చు లాగాల. అంతే!

ఫ్యాక్టరీల్లో 'క్రోషె మెషిన్' అని ఒకటుంది, కాదనను. పేరే క్రోషె. అది చేసేది వార్ప్ నిట్టింగు, అంటే పక్కపక్కన శానా దారాలు పెట్టి ఒకదానికొకటి తగిలించి అల్లేది. ఇంగ్లండులో హీత్‌కోట్ అనే ఆయన 1809లో పేటెంట్ తీసుకున్న మెషిన్ కూడా బాబిన్ లేసునే కాపీ కొట్టింది. బాబిన్ లేసుకు కొక్కేలు ఉండవు! దిండు మీద గుండుసూదులు గుచ్చి, దారం చుట్టిన పుల్లల్ని ఒకదాని మీదొకటి తిప్పుతా అల్లుతారు. అది వేరే విద్య, ఇది వేరే విద్య. అన్నిటికీ కలిపి 'లేసు' అని ఒకే పేరు పెట్టేసినాం చూడండి, ఆ పేరే అల్లేవాళ్ళ కొంప ముంచింది. ఇది నా గట్టి నమ్మకం.

ఫ్రాన్సులో అలాన్సోన్ అనే ఊరి సూది లేసుంది, మామూలు సూదీ దారంతో చేత్తో కుట్టేది. చదరపు సెంటీమీటరుకు 7 గంటలు! యునెస్కో 2010లో దాన్ని నెత్తిన పెట్టుకునింది. మన గోదావరి అక్కలు అల్లితే మాత్రం "పొద్దుపోక చేసే పని" అంటారా? ఒకాయన అట్లనే రాసినాడు, నాకు రాత్రంతా నిద్ర పట్టలా. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పించినప్పటి నుంచి ఆ అల్లికతో ఎన్ని ఇండ్లు గడిచినాయి! మరియా మీస్ అనే జర్మనీ పరిశోధకురాలు నర్సాపురం వచ్చి చూసి, 1982లోనే రాసింది: ఇంట్లో కూచోని చేస్తారు కాబట్టి వాళ్ళను కూలోళ్ళుగా లెక్కపెట్టరు, ఖాళీ టైములో అల్లే గృహిణులు అంటారు అని. అదే పని మగోళ్ళు షెడ్డులో చేసింటే 'పరిశ్రమ' అని బోర్డు కట్టేవాళ్ళం!

నమ్మరా? క్రోషె పువ్వు ఒకటి తీసుకోండి. చివరి ముడి విప్పి మెల్లగా లాగండి, పువ్వంతా ఒకే దారమై చేతికొస్తుంది. మీ పది రూపాయల లేసును గూడా అట్లనే లాగండి. అదీ ఒకే దారంగా వస్తే వీడియో తీసి పంపండి, వచ్చే వారం ఈడే వేస్తా.