మోయడానికి కప్పు లేని స్తంభం

(స్టూడియో చర్చ నుంచి కొంత భాగం. పాల్గొన్నవారు: చరిత్ర అధ్యాపకురాలు, శిల్పి, లైప్‌జిగ్‌లో చదువుకున్న ఇంజనీర్)

యాంకర్: 1989 నవంబర్ 9న బెర్లిన్ గోడ తెరుచుకుందని అందరికీ తెలుసు. సరిగ్గా నెల ముందు, అక్టోబర్ 9న, అప్పటి కమ్యూనిస్టు తూర్పు జర్మనీలోని లైప్‌జిగ్‌లో ఏం జరిగిందో మనలో చాలామందికి తెలియదు. దానికి గుర్తుగా అక్కడో స్తంభం ఉంది. మీరు రోజూ చూసేవారా?

ఇంజనీర్: చూశానంటే అబద్ధమవుతుందండీ. నికొలాయ్ చర్చి పక్కన తెల్లటి స్తంభం, పైన తాటాకుల్లాంటి ఆకులు. ఏడాదిపాటు దాని దగ్గరే సైకిల్‌కి తాళం వేసి క్లాసుకి పరిగెత్తాను. ఏదో పాత కట్టడంలో మిగిలిన ముక్క అనుకున్నా.

శిల్పి: (నవ్వుతూ) మీ తప్పేం లేదు. మన దగ్గర స్మారకమంటే దిమ్మె మీద మనిషి, జయంతి నాడు దండ. ఇక్కడ మనిషే లేడు! ఆ చర్చిలో అచ్చం ఇలాంటి స్తంభాలే వరసగా నిలబడి కప్పుని మోస్తుంటాయి. అందులో ఒకటి లేచి బయటికి నడిచొచ్చినట్టు ఆండ్రియాస్ స్టోట్జ్‌నర్ ఊహించారు. 1999లో నిలబెట్టారు. లోపలి ప్రార్థన వీధిలోకి వచ్చిందని చెప్పడానికి ఒక్క మాటైనా రాయనక్కర్లేదు.

అధ్యాపకురాలు: అందంగా ఉంది, కాదనను. కానీ అందులో భయమేదీ? 1982 నుంచి ఆ చర్చిలో ప్రతి సోమవారం సాయంత్రం శాంతి ప్రార్థనలు జరిగేవి. 1989 శరదృతువు వచ్చేసరికి బయటికొచ్చినవాళ్లని పోలీసులు కొట్టడం, పట్టుకుపోవడం మొదలైంది. బీజింగ్‌లో ప్రజాస్వామ్యం కోరినవాళ్ల మీద తుపాకులు పేలి నాలుగు నెలలే అయింది. అక్టోబర్ 9న ఆస్పత్రుల్లో రక్తం సిద్ధం చేసి పెట్టారు. ఆ టెన్షన్ మధ్య ఇంట్లోంచి కాలు బయటపెట్టడం మాటలా?

యాంకర్: అయినా ప్రభుత్వానికి వ్యతిరేకంగా 70,000 మంది వీధుల్లోకి వచ్చారు.

అధ్యాపకురాలు: వచ్చారు. అంతకంటే ముందు ఇంకెవరొచ్చారో తెలుసా? అధికార పార్టీవాళ్లు! మామూలు జనానికి చోటు దొరక్కుండా వందల మందిని మధ్యాహ్నమే చర్చిలో కూర్చోబెట్టారు. పాస్టర్ క్రిస్టియన్ ఫ్యూరర్... పేరు విని హిట్లర్ బిరుదనుకుని కంగారు పడకండి, ఇంటిపేరే అది... ఆయన వాళ్లని పొమ్మనలేదు. ప్రార్థన అయ్యేదాకా వాళ్లూ అన్నీ విన్నారు.

ఇంజనీర్: కొవ్వొత్తి గురించి ఆయన చెప్పిన మాట నాకు అక్కడే తెలిసింది. కొవ్వొత్తి పట్టుకోవాలంటే రెండు చేతులూ కావాలట. ఒక చేత్తో పట్టుకోవాలి, రెండో చేయి గాలికి అడ్డం పెట్టాలి. ఇక రాయి పట్టుకోవడానికి చెయ్యెక్కడుంది?

యాంకర్: ఆ రాత్రి బలగాలు ఎందుకు కాల్పులు జరపలేదు?

అధ్యాపకురాలు: ఒక్క కారణం చెబితే కథ బాగుంటుంది కానీ, నిజం అంత తేలిక కాదు. జనం అనుకున్నదానికంటే చాలా ఎక్కువ. ‘హింస వద్దు’ అని వాళ్లే అరుస్తున్నారు. ఆర్కెస్ట్రా సంచాలకుడు కుర్ట్ మజూర్ గొంతుతో శాంతిగా ఉండమన్న విజ్ఞప్తి లౌడ్‌స్పీకర్లలో వినిపిస్తోంది. దాని మీద సంతకం చేసిన ఆరుగురిలో ముగ్గురు అధికార పార్టీ స్థానిక నాయకులే. పైనుంచి స్పష్టమైన ఆదేశం రాలేదు. బలగాలు వెనక్కి తగ్గాయి.

యాంకర్: తర్వాత పెద్ద స్మారకం కడదామనుకున్నారు కదా?

శిల్పి: అదో ప్రహసనం. 2012లో పోటీ పెట్టారు. మొదటి బహుమతి వచ్చిన నమూనా పేరే ‘70,000’. మైదానమంతా రంగురంగుల దిమ్మెలు. ఊళ్లో చాలామందికి నచ్చలేదు. గొడవ ముదిరి 2014లో ఆపేశారు. నన్నడిగితే అదీ ప్రజాస్వామ్యమే! (నవ్వులు)

ఇంజనీర్: ఏటా అక్టోబర్ 9న కూడలిలో కొవ్వొత్తులతో ‘89’ అని పేరుస్తారు. నేనూ ఒకటి పెట్టాను. గాలికి రెండుసార్లు ఆరిపోతే పక్కనున్న పెద్దావిడ తన కొవ్వొత్తితో వెలిగించింది. ఆ రోజు మీరున్నారా అని అడగబోయి ఊరుకున్నా.

శిల్పి: అడగాల్సింది.

యాంకర్: మరి మేడమ్, ఆ భయం చూపించాలంటే మీరైతే అక్కడ ఏం పెడతారు?

అధ్యాపకురాలు: చర్చిలో ఆ పార్టీవాళ్లు కూర్చున్న బెంచీల్లో ఒకటి బయట పెట్టమంటాను.

శిల్పి: దాని మీద కూర్చున్నవాళ్లకి ఏం తెలుస్తుంది మేడమ్?

అధ్యాపకురాలు: ముందు కూర్చోనివ్వండి.