నగదు కౌంటరులో పొరపాటు జరిగితే

(జాతీయ వినియోగదారుల దినోత్సవం సందర్భంగా గుంటూరు బ్రాడీపేటలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, పనులు మానుకుని వచ్చిన ఖాతాదారులకు, ముఖ్యంగా వెనుక వరుసల్లో కూర్చున్న మిర్చి యార్డు మిత్రులకు నమస్కారం.

నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం బ్యాంకు నగదు కౌంటరులోనే గడిచింది. విరమణ తర్వాత కౌంటరుకు ఇవతల నిలబడి, డబ్బు తక్కువ వచ్చిందని వచ్చేవారికి ఉత్తరాలు రాసిపెడుతున్నాను. రెండు వైపులా చూసినవాడిగా ఈ రోజు ఒక్క విషయమే మాట్లాడతాను. కౌంటరులో నగదు చెల్లింపులో పొరపాటు జరిగినప్పుడు, ఆ పొరపాటు బ్యాంకుకు నష్టమైతే ఒక న్యాయం, ఖాతాదారుకు నష్టమైతే మరొక న్యాయం నడుస్తున్నది. ఇలా నడవడానికి వీల్లేదని నా వాదన.

చాలా శాఖల్లో కౌంటరు అద్దం మీద ఒక బోర్డు ఉంటుంది. కౌంటరు వదిలే ముందే నగదు లెక్క చూసుకోవాలని, తర్వాత వచ్చే ఫిర్యాదులకు బ్యాంకు బాధ్యత వహించదని దాని సారాంశం. మొదటి మాట మంచి సలహా, ప్రతి ఒక్కరూ పాటించవలసినదే. రెండో మాట మాత్రం చట్టాన్ని మార్చలేదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 72వ సెక్షను ప్రకారం, పొరపాటున డబ్బు అందుకున్నవారు దానిని తిరిగి ఇవ్వవలసిందే. కౌంటరులో ఎక్కువ మొత్తం పుచ్చుకున్న ఖాతాదారును ఈ సూత్రం ఎలా కట్టిపడేస్తుందో, మనం జమ చేసిన డబ్బులో కొంత లెక్కకు ఎక్కించకుండా తన దగ్గర ఉంచుకున్న బ్యాంకును కూడా అలాగే కట్టిపడేస్తుంది. ఇక ఇవ్వవలసినదాని కంటే తక్కువ ఇచ్చినప్పుడు ఏ సెక్షనూ వెతకనక్కరలేదు. ఆ మేరకు బ్యాంకు మనకు పడిన బాకీ ఇంకా తీరలేదన్న మాటే.

ఆచరణలో జరిగేది వేరు. క్యాషియరు పొరపాటున ఎవరికైనా నలభై వేలు ఎక్కువ ఇస్తే, సాయంత్రం నాలుగున్నరకల్లా ఆ ఖాతాదారు ఫోను మోగుతుంది. వెంటనే తెచ్చి కట్టమంటారు, రాకపోతే ఇంటికి మనిషిని పంపుతారు, కొన్ని చోట్ల ఖాతాలో అంత మొత్తాన్ని కదలకుండా నిలిపివేస్తారు కూడా. అప్పుడు ఎవరికీ అద్దం మీది బోర్డు గుర్తుకు రాదు, 'కౌంటరు దాటిపోయింది కదా' అని ఎవరూ ఊరుకోరు. ఊరుకోకూడదు కూడా, ఎందుకంటే ఆ డబ్బు బ్యాంకుది. అదే నలభై వేలు ఖాతాదారుకు తగ్గితే మాత్రం చూపుడు వేలు బోర్డు వైపు తిరుగుతుంది. ఒక కంటికి వెన్న, ఇంకో కంటికి సున్నం పెట్టే పద్ధతి ఇది.

'మా నగదు ట్యాలీ అయింది, కాబట్టి పొరపాటు జరగలేదు' అనేది బ్యాంకు దగ్గరుండే బలమైన సమాధానం. ఈ మాటను తేలికగా తీసెయ్యకూడదు, గుడ్డిగా ఒప్పుకోకూడదు. ట్యాలీ అంటే ఏమిటో కాస్త నిదానంగా చెబుతాను. పొద్దున సేఫు నుంచి క్యాషియరు తీసుకున్న నగదుకు ఆ రోజు జమలు కలిపి, చెల్లింపులు తీసివేస్తే మిగలవలసిన మొత్తం వస్తుంది. లావాదేవీలు ముగిశాక డ్రాయరులోని నోట్లను విలువల వారీగా పేర్చి, కట్టలు కట్టి, విడి నోట్లు లెక్కించి, పుస్తకంలోని అంకెతో సరిచూస్తారు. తగ్గితే సాధారణంగా ఆ క్యాషియరే సొంత జేబులోంచి పూడ్చాలి. మిగిలితే ఆ మొత్తాన్ని రిజిస్టరులో రాసి, సొంతదారు తేలేదాకా వేరే ఖాతాలో ఉంచాలి. కాబట్టి మీకు 10,000 తగ్గిందని మీరు ఫిర్యాదు చేసిన రోజున, ఆ కౌంటరులో సరిగ్గా 10,000 మిగిలినట్టు రాసి ఉంటే ఇక వాదనకు చోటు లేదు. మేనేజరు ముందు మీరు అడగవలసిన మొదటి ప్రశ్న 'ఆ రోజు ఆ కౌంటరు ఎంతతో ముగిసింది?' అన్నదే.

అయితే ట్యాలీకి కూడా కనిపించని పొరపాట్లు రెండు ఉన్నాయి. మీకు తగ్గిన మొత్తమే మరొకరికి ఎక్కువ వెళ్లి ఉంటే సాయంత్రం లెక్క చక్కగా సరిపోతుంది, ఇద్దరి విషయమూ మరుగున పడిపోతుంది. రెండోది ఇంకా ముఖ్యమైనది. కట్ట అంటే 100 నోట్లు. మరో శాఖ నుంచో, రిజర్వు బ్యాంకు తరఫున నోట్లు నిల్వ ఉంచే కరెన్సీ చెస్ట్ నుంచో వచ్చిన కట్టలో నాలుగు నోట్లు ముందే తక్కువ ఉన్నాయనుకోండి. క్యాషియరు దానిని వంద నోట్లుగా పుచ్చుకుంటారు, వంద నోట్లుగానే మీకు ఇచ్చేస్తారు. ఆ నాలుగు నోట్ల లోటు ఆయన లెక్కలోకి ఎన్నడూ రాలేదు, సాయంత్రం ట్యాలీలో కనిపించే అవకాశమే లేదు. విప్పని కట్టలో తగ్గిందని మీరు చెబుతున్నప్పుడు 'ట్యాలీ అయింది' అన్న సమాధానం మీ ప్రశ్నకు అసలు సంబంధించినదే కాదు.

పల్నాడు వైపు నుంచి వచ్చిన ఒక మిర్చి రైతు సంగతి చెబుతాను. కోత కూలీలకు ఇవ్వడానికి ఆయన 3,00,000 రూపాయలు తీసుకున్నారు, అన్నీ 500 నోట్ల కట్టలే, మొత్తం ఆరు. కౌంటరు ముందు జనం తోసుకుంటున్నారు. ఆరు కట్టలూ కట్టలుగానే చూసుకుని సంచిలో పెట్టుకున్నారు. చేలో కూలీలకు పంచుతుంటే ఒక కట్టలో 96 నోట్లే తేలాయి. మర్నాడు శాఖకు వెళితే బోర్డు చూపించారు. ఆయన చేసిన మంచి పని ఒకటే, కట్ట చుట్టూ ఉన్న కాగితపు పట్టీని పారేయకుండా జేబులో పెట్టుకున్నారు. దాని మీద వేరొక శాఖ ముద్ర, తేదీ, లెక్కపెట్టినవారి పొట్టి సంతకం ఉన్నాయి. ఆ పట్టీని జత చేసి ఉత్తరం రాసి ఇచ్చాక, మేనేజరు అదే శాఖ నుంచి అదే రోజు వచ్చిన మిగతా కట్టలను సేఫులోంచి తీయించి యంత్రం మీద లెక్కపెట్టించారు. ఇంకో కట్ట కూడా తక్కువ వచ్చింది. రైతు ఖాతాలో 2,000 రూపాయలు జమ అయ్యాయి. ఆ మేనేజరు వివేకాన్ని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. అయితే పట్టీ లేకపోతే ఆయనకైనా వెతకడానికి దారి దొరికేది కాదు. నోట్ల కట్టలకు పిన్నులు కొట్టవద్దని, కాగితపు పట్టీలే వాడాలని రిజర్వు బ్యాంకు 2001 నవంబరులో ఆదేశించింది. నోట్లు చిరగకుండా ఉండాలన్నది దాని ఉద్దేశం. మనకు మాత్రం ఆ పట్టీయే సాక్ష్యంగా పనికివస్తుంది, కాబట్టి ఇంటికి వెళ్లి లెక్క పూర్తయ్యే వరకు దానిని పారేయకండి.

తేడా ఎంత అన్న అంకె కూడా చాలాసార్లు కారణం చెప్పేస్తుంది. సరిగ్గా 40,000 తగ్గితే 500 కట్టకు బదులు 100 కట్ట వచ్చిందేమో చూడాలి. 30,000 అయితే 500 కట్ట స్థానంలో 200 కట్ట చేరి ఉండవచ్చు. జమల విషయంలో ఇంకో గుర్తు ఉంది. తేడా 9తో శేషం లేకుండా భాగించబడితే అంకెలు తారుమారయ్యాయేమో అని ముందు అనుమానించాలి. 63,000 కట్టినవారి ఖాతాలో 36,000 ఎక్కితే తేడా 27,000, అది 9తో భాగించబడుతుంది. ఇలాంటి చోట క్యాషియరు డ్రాయరులో ఆ 27,000 మిగిలే ఉంటుంది, మీ చలానా కౌంటర్‌ఫాయిలు మీద ముద్ర కూడా ఉంటుంది. అందుకే చలానా మీద నోట్ల వివరాలు విలువల వారీగా మీ చేత్తోనే రాయండి. ముద్ర, సంతకం పడిన తర్వాతే కౌంటర్‌ఫాయిలు తీసుకోండి.

పొరపాటు జరిగిందని తెలియగానే ఏం చేయాలి? కౌంటరు ముందే తెలిస్తే అక్కడి నుంచి కదలవద్దు. నోట్లను సంచిలో పెట్టవద్దు, చేతులు మారనివ్వవద్దు, క్యాషియరు కళ్ల ముందే యంత్రం మీద పెట్టించండి. వెనుక ఉన్నవారు విసుక్కుంటే విసుక్కుంటారు, ఆ మొహమాటం మనకు వద్దు. ఇంటికి వెళ్లాక తెలిస్తే అదే రోజు, వీలైతే శాఖ నగదు లెక్క ముగించక ముందే, ఫోను చేసి చెప్పి తర్వాత ఉత్తరం ఇవ్వండి. నోటి మాటతో సరిపెట్టుకుంటే వారం తర్వాత మీరు వచ్చినట్టు కూడా ఎవరికీ గుర్తుండదు. ఉత్తరంలో తేదీ, సమయం, కౌంటరు నంబరు, చెక్కు లేదా విత్‌డ్రాయల్ ఫారం వివరాలు, అందుకున్న నోట్ల విలువల వారీ లెక్క, తగ్గిన మొత్తం రాయాలి. ఆ కౌంటరు ఆ రోజు ముగింపు లెక్కను, మిగులు నగదు రిజిస్టరును చూసి లిఖితపూర్వకంగా జవాబివ్వమని అడగాలి. నకలు మీద శాఖ ముద్ర వేయించుకోవాలి.

సి.సి. కెమెరా గురించి ఒక మాట. రికార్డింగు కొంతకాలం తర్వాత దానంతట అదే చెరిగిపోతుంది. కాబట్టి 'ఫలానా సమయం నుంచి ఫలానా సమయం వరకు ఉన్న దృశ్యాన్ని భద్రపరచండి' అని మొదటి ఉత్తరంలోనే కోరాలి. కెమెరాలో నోట్లు లెక్కపెట్టలేం, అది నిజమే. అయితే 500 నోటు బూడిద రంగు, 200 నోటు పసుపు, కొత్త 100 నోటు లేత ఊదా. కౌంటరు మీదుగా ఏ రంగు కట్టలు ఎన్ని వెళ్లాయో, వాటిని యంత్రం మీద పెట్టారో లేదో కెమెరా చక్కగా చెబుతుంది.

కాగితాలకు నేను ఇంత పట్టుపట్టడానికి చట్టపరమైన కారణం ఉంది. 1891 నాటి బ్యాంకర్ల పుస్తకాల సాక్ష్య చట్టం ప్రకారం, బ్యాంకు ధ్రువీకరించి ఇచ్చిన పద్దు నకలును కోర్టు ప్రథమ దృష్ట్యా సాక్ష్యంగా స్వీకరిస్తుంది. బ్యాంకు పుస్తకం తన తరఫున తానే మాట్లాడుతుంది, మన మాటకు మాత్రం తోడు కావాలి. ముద్ర పడిన ఉత్తరం, పట్టీ, కౌంటర్‌ఫాయిలు, ఆ రోజే చేసిన ఫోను రికార్డు, ఇవే మనకు ఆ తోడు.

ఒక విన్నపం కూడా చేయాలి. క్యాషియరును దొంగ అనకండి. అద్దం వెనక కూర్చున్న మనిషి ఉదయం నుంచి లక్షలు లెక్కపెడుతూ, తేడా వస్తే తన జీతంలోంచి కట్టవలసినవారు. మిర్చి సీజనులో, పింఛన్ల రోజుల్లో ఆ కౌంటరు మీద పడే ఒత్తిడి నేను ఎరుగుదును. మీ ఫిర్యాదు లావాదేవీ మీద ఉండాలి, మనిషి మీద కాదు. అలాగే కౌంటరులో మీకు ఎక్కువ వచ్చిన రోజున, ఫోను రాకముందే తీసుకెళ్లి ఇవ్వండి. అది వారి ఇంటి ఖర్చులోంచి పోయే డబ్బు.

శాఖలో పని జరగకపోతే పైకి వెళ్లాలి. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు తృప్తికరంగా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. 2021 నవంబరు 12న ప్రారంభమైన సమీకృత పథకంతో దేశమంతటికీ ఒకే వేదిక ఏర్పడింది. ఫీజు లేదు, 14448 నంబరుకు ఫోను చేస్తే వివరాలు చెబుతారు. ప్రభుత్వ రంగ బ్యాంకు అయితే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో మీ లావాదేవీకి సంబంధించిన రికార్డు అడగవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషను మరో మార్గం. 2019 చట్టం బ్యాంకింగును సేవగానే గుర్తించింది, వివాదం తలెత్తిన నాటి నుంచి 2 సంవత్సరాలలోపు ఫిర్యాదు దాఖలు చేయాలి, మీరు నివసించే జిల్లాలోనే చేయవచ్చు. రెండు వేల రూపాయలకు ఇంత దూరం ఎందుకు అని కొందరు అంటారు. కోత కూలీకి అది ఎన్ని రోజుల సంపాదనో లెక్క వేసుకుంటే ఆ మాట అనలేరు.

సభలో ఉన్న బ్యాంకు అధికారులను చివరగా ఒకటి అడుగుతున్నాను. ఏటీఎంలో డబ్బు రాకుండా ఖాతాలో తగ్గితే, లావాదేవీ జరిగిన రోజు తర్వాత 5 రోజుల్లో తిరిగి జమ చేయాలని, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఆదేశించింది. ఆ ఉత్తర్వులో మనిషి కూర్చున్న కౌంటరుకు చోటు లేదు. యంత్రం పొరపాటుకు గడువు ఉండగా, కౌంటరు పొరపాటుకు బోర్డు ఒక్కటే ఎందుకు ఉండాలి? పై నుంచి ఉత్తర్వు వచ్చే దాకా ఆగనవసరం లేకుండా శాఖ స్థాయిలోనే చేయగల పనులు ఉన్నాయి. ఖాతాదారు వైపు కూడా అంకెలు కనిపించే లెక్కింపు యంత్రం పెట్టండి, విప్పని కట్ట అయినా సరే అడిగినవారికి దాని మీద వేసి చూపించండి. తేడా ఉందని చెప్పినవారికి అక్కడికక్కడే ఒక ఫారం ఇచ్చి, నకలు మీద ముద్ర వేయండి. బోర్డు మీది రెండో వాక్యం తీసేసి, 'తేడా కనిపిస్తే కట్ట పట్టీతో సహా వెంటనే తెలియజేయండి, ఈ రోజు లెక్క చూసి జవాబిస్తాం' అని రాయించండి.

కాగితాలు తెచ్చుకున్నవారు సభ ముగిశాక వేదిక పక్కన ఉన్న బల్ల దగ్గరకు రండి, ఒక్కొక్కరి ఉత్తరం కూర్చుని రాద్దాం.