విశాఖ ఒడ్డుకు రావలసిన ఇసుక

శ్రోతలకు నమస్కారం.

రామకృష్ణా బీచ్‌లో కొన్ని నెలలు ఇసుక కరిగిపోయి, కెరటాలు బీచ్ రోడ్డు గోడ మొదటికే వచ్చి కొట్టడం విశాఖవాసులందరూ చూస్తున్నదే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తాకిన తరువాత, కోత మాట వస్తే తుఫానునే తలచుకోవడం మనకు అలవాటైంది. ఆ నష్టం చిన్నది కాదు. కానీ కోతకు మూలం అంతకు చాలా ఏళ్ల ముందుది.

మన తీరంలో ఇసుక స్థిరంగా ఉండదు. దక్షిణం వైపు నుంచి కెరటాలు ఏటవాలుగా వచ్చే నెలల్లో అది ఉత్తరానికి కదులుతుంది, ఈశాన్య రుతుపవనాల కాలంలో కొంత వెనక్కి వస్తుంది. ఏడాది మొత్తం మీద ఉత్తరానికి పోయేదే ఎక్కువ, అదీ లక్షల ఘనపు మీటర్లలో. 1970లలో విశాఖ రేవు ఔటర్ హార్బర్ కోసం కట్టిన బ్రేక్‌వాటర్లు, అంటే కెరటాలను ఆపే అడ్డుకట్టలు, నౌకలకు నిలకడైన నీటిని ఇచ్చాయి గాని, ఆ ఇసుక దారికి అడ్డుపడ్డాయి. దక్షిణాన ఇసుక పేరుకుంటుంది. ఉత్తరాన కోస్టల్ బ్యాటరీ నుంచి మొదలయ్యే ఒడ్డుకు రావలసినంత రాదు, అయినా కెరటం తన వంతు తీసుకుపోతూనే ఉంటుంది. రేవు కట్టినవారికి ఇది తెలియక కాదు. అందుకే ఇసుక చేరే గుంటను ఏర్పాటు చేసి, దానిని తవ్వి ఒడ్డున పోసే పద్ధతి పెట్టారు.

రాళ్లు పేర్చి గోడ కడితే చాలదా అని చాలామంది అడుగుతారు. గోడ రోడ్డును కాపాడుతుంది. ఇసుకను కాపాడదు, దానికి తగిలి వెనుదిరిగే కెరటం గోడ మొదట్లోని ఇసుకను కూడా తోడేస్తుంది. సముద్రంలోకి అడ్డంగా రాతికట్టలు వేస్తే ఇక్కడ ఇసుక నిలిచి, ఉత్తరాన పెద జాలారిపేటకు కరువవుతుంది. పడవలు ఒడ్డుకు లాగి, వలలు ఆరబెట్టుకునే నేలే జీవనాధారమైన వారి వంతు తీసి నగరం ముంగిట పరచడం న్యాయం కాదని నా దృఢమైన అభిప్రాయం.

కాబట్టి ఆగిన ఇసుకను ఏటా అవతలికి చేర్చడమే సరైన మార్గం. అది సముద్రంలో డబ్బు పోయడమేనని ఆక్షేపించేవారున్నారు. పోసిన ఇసుక కదిలిపోతుంది, నిజమే. కానీ కదులుతూ లాసన్స్ బే, జాలారిపేట ఒడ్డులను నింపుతుంది. అలా కదలడమే దాని పని. నౌకామార్గంలో పూడిక తీయడం రేవుకు ఎలా తప్పదో, ఇదీ అలాగే తప్పని ఖర్చు కావాలి. ఉత్తరపు ప్రవాహం బలపడక ముందే, జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఈ పని పూర్తయితే మేలు. ఎంత పోశారో, ఎంత నిలిచిందో విశాఖలోనే ఉన్న జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం వంటివారు నిర్ణీత స్థలాల్లో కొలిచి ప్రకటించాలి.

పోయబోయే వారాన్ని ముందుగానే జాలారిపేట ఒడ్డున పలక మీద రాసి పెట్టాలి. ఆ రోజుల్లో వలలు ఎక్కడ వేసుకోవాలో వారు నిర్ణయించుకోవాలి కదా.